తనంతట తాను ఎగిరే డ్రోన్‌కు మనిషితో పనేమిటి?

గత సంచికలో సముద్ర నిఘా డ్రోన్ల మీద వచ్చిన వ్యాసం చదివి పాఠకులు పంపిన ఉత్తరాల్లో చాలా భాగం ఒకే సందేహం చుట్టూ తిరిగాయి: ఈ విమానాలు వాటంతట అవే ఎగురుతున్నప్పుడు కింద కూర్చున్న మనుషులు చేస్తున్నదేమిటి? ఈ నెల శీర్షికను పూర్తిగా ఆ ఉత్తరాలకే కేటాయిస్తున్నాము. ఒకే తరహా ప్రశ్నలను కలిపి, ఉత్తరాలను కుదించి ఇస్తున్నాము.

ప్రశ్న: పైలట్ లేని విమానమని ఒక పక్క రాస్తారు, దాన్ని నడిపేవారికి శిక్షణ ఇస్తున్నామని మరో పక్క రాస్తారు. ఏది నిజం? నిజంగా స్వయంచాలకమైతే మనిషిని ఎందుకు కూర్చోబెడతారు?
— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, ఏలూరు

జవాబు: రెండూ నిజమే మాస్టారూ. విమానంలో పైలట్ ఉండడు, విమానానికి మాత్రం ఉంటాడు. స్వయంచాలకత ఉందా లేదా అని మనం రెండు ముక్కల్లో అడుగుతాము గాని, ఆ రంగంలో పనిచేసేవారు దాన్ని అంచెలుగా లెక్కిస్తారు. అమెరికాలోని ఎం.ఐ.టి. విశ్వవిద్యాలయంలో థామస్ షెరిడాన్, విలియం వెర్‌ప్లాంక్ అనే ఇద్దరు పరిశోధకులు 1978లో ఇందుకోసం పది అంచెల పట్టిక ఒకటి తయారు చేశారు. మొదటి అంచెలో యంత్రం ఏ సాయమూ చేయదు, అంతా మనిషే చూసుకోవాలి. పదో అంచెలో యంత్రమే అన్నీ నిర్ణయించుకుని మనిషిని లెక్కలోకే తీసుకోదు. అసలు చిక్కు నడిమి అంచెల్లో ఉంది. ఒక అంచెలో యంత్రం తాను చేయదలచిన పనిని సూచించి, మనిషి సరేనన్న తరువాతే చేస్తుంది. దాని పై అంచెలో కొంత గడువు ఇచ్చి, ఆ లోపల మనిషి వద్దనకపోతే చేసేస్తుంది. చూడడానికి రెండూ దగ్గరదగ్గరగానే ఉన్నాయి. కాని మొదటిదానిలో మనిషి ఊరకుంటే ఏమీ జరగదు, రెండోదానిలో ఊరకుంటే జరిగిపోతుంది. ఆపరేటర్ అలసిపోయిన వేళ, ఫోన్‌లో మరొకరితో మాట్లాడుతున్న వేళ, ఈ తేడాయే మొత్తం వ్యవహారాన్ని తలకిందులు చేస్తుంది.

ఇవాళ వాడుకలో ఉన్న నిఘా డ్రోన్లు ఈ పట్టికలో ఒక్క చోట నిలబడవు. ఒకే డ్రోన్‌లో ఒక్కో పని ఒక్కో అంచెలో ఉంటుంది. ఎగరడం అనే పని దాదాపుగా యంత్రం చేతికి వెళ్లిపోయింది. అమెరికా వైమానిక దళం వాడే గ్లోబల్ హాక్ అనే నిఘా డ్రోన్ దాదాపు 60 వేల అడుగుల ఎత్తున, 30 గంటలకు పైగా ఎగరగలదు. దాని పైలట్ చేతిలో విమానాన్ని వంచే స్టిక్ ఉండదు, మౌస్, కీబోర్డు ఉంటాయి. దారి మార్చాలంటే తెర మీది పటంలో కొత్త బిందువులు గుర్తిస్తాడు, ఏ రెక్క ఎంత వంచాలో విమానమే చూసుకుంటుంది. అదే వైమానిక దళం క్షిపణులు కూడా మోసే రీపర్ డ్రోన్‌ను మాత్రం ఏళ్ల తరబడి స్టిక్, పెడళ్లతోనే దింపించింది. అమెరికా సైన్యం మరో దారి పట్టింది: రీపర్‌కు బంధువైన గ్రే ఈగిల్‌లో టేకాఫ్, ల్యాండింగ్‌లను యంత్రానికి వదిలేసి, విమాన పైలట్లు కాని సిపాయిల చేతికే దాన్ని అప్పగించింది. కెమెరా చూపించినంత మేరే చూస్తూ, చెవికి ఇంజను చప్పుడు గాని ఒంటికి కుదుపు గాని తెలియకుండా విమానాన్ని నేలకు దించడం మనిషికి చాలా కష్టమైన పని. యంత్రం అక్కడ మనకంటే మెరుగని ఒప్పుకోవడానికి పైలట్లకు కొంత కాలం పట్టినట్టుంది.

ఎగరడం పోయాక మనిషికి మిగిలేవి ఇవి: ఎటు చూడాలి, ఎంతసేపు చూడాలి, కనిపించినదాన్ని ఏమనాలి, ఆ మాట ఎవరికి చేరవేయాలి. అంటే చేతులకు పని తగ్గింది, కళ్లకూ విచక్షణకూ పెరిగింది. మనుషుల సంఖ్య తగ్గిందా అంటే అదీ లేదు. ప్రిడేటర్ తరహా డ్రోన్‌ను ఒక ప్రాంతం మీద రాత్రింబవళ్లు నిలిపి ఉంచాలంటే పైలట్లు, కెమెరా నడిపేవారు, మెకానిక్కులు, వీడియో చూసే విశ్లేషకులు అందరూ కలిసి 150 మందికి పైగా కావాలని అమెరికా వైమానిక దళమే లెక్క చెప్పింది.

ప్రశ్న: కంట్రోల్ రూమ్‌లో కూర్చున్న ఆపరేటర్ ఎదురుగా ఏముంటుంది? అతను నిమిషం నిమిషం చేసే పని ఏమిటో వివరిస్తారా?
— ఒక ఇంజనీరింగ్ విద్యార్థి, హైదరాబాద్

జవాబు: బహిరంగంగా ఎక్కువ వివరాలు తెలిసినది రీపర్ గది గురించే కాబట్టి దాన్నే తీసుకుందాం. అమెరికాలోని నెవాడా రాష్ట్రంలో క్రీచ్ వైమానిక స్థావరం ఉంది. అక్కడ కిటికీలు లేని, ఏసీ చల్లదనంతో నిండిన గదిలో రెండు కుర్చీలు పక్కపక్కన ఉంటాయి. ఎడమ కుర్చీలో పైలట్, కుడి కుర్చీలో సెన్సార్ ఆపరేటర్. ఒక్కొక్కరి ఎదుట అరడజనుకు తక్కువ కాకుండా తెరలు: ఒకదానిలో కెమెరా చిత్రం, ఒకదానిలో పటం, మరొకదానిలో ఇంధనం, ఇంజను వేడి, లింకు బలం వంటి అంకెలు, మిగిలినవాటిలో చాట్ కిటికీలు. వీరికి సమాచారం కూడబెట్టి ఇచ్చే మూడో వ్యక్తిని మిషన్ ఇంటెలిజెన్స్ కోఆర్డినేటర్ అంటారు. వీడియోను వేరే ఊళ్లో కూర్చున్న విశ్లేషకులు కూడా అదే సమయంలో చూస్తూ తమ అభిప్రాయాన్ని చాట్‌లో టైపు చేస్తుంటారు. బయటివారు ఊహించే ఆట గదికీ దీనికీ పోలిక తక్కువ. ఇక్కడ చదవడం, టైపు చేయడం, వినడం, వినిపించినదాన్ని సరిచూసుకోవడం, వీటితోనే షిఫ్టులో సగం గడిచిపోతుంది.

సెన్సార్ ఆపరేటర్ చేతిలో ఉండేది విమానం ముక్కు కింద తిరిగే కెమెరా గోళం. పగటి కెమెరా, వేడిని చూసే ఇన్‌ఫ్రారెడ్ కెమెరా, దూరం కొలిచే లేజర్ అందులోనే ఉంటాయి. ఇన్‌ఫ్రారెడ్‌లో వేడి వస్తువులు తెల్లగా కనిపించాలా నల్లగా కనిపించాలా అన్నది ఒక మీటతో మార్చుకోవచ్చు. అనుభవం ఉన్న ఆపరేటర్ నేల రకాన్ని బట్టి, రాత్రి ఏ జాము అన్నదాన్ని బట్టి అటూ ఇటూ మారుస్తూనే ఉంటాడు. ఇప్పుడే ఆపిన కారు బానెట్ మెరుస్తుంది, రాత్రంతా ఆగి ఉన్న కారు నేలలో కలిసిపోతుంది. మనిషి కాసేపు పడుకుని లేచిన చోట వెచ్చని మరక ఉండిపోతుంది. చేతిలో ఉన్నది తుపాకో పారో ఊతకర్రో మాత్రం చాలాసార్లు ఈ చిత్రంలో తేలదు. పొడవుగా ఏదో ఉందన్నంత వరకే తేలుతుంది.

ఆటోపైలట్ విమానాన్ని ఒక గుండ్రటి దారిలో తిప్పుతుంటే, ఆ గుండ్రం ఎక్కడ పెట్టాలో పైలట్ ఎంచుకుంటాడు. గమనించాల్సిన ఇంటి వాకిలి తూర్పు ముఖం అయితే విమానం పడమటి వైపు తిరిగినంతసేపూ వాకిలి కనిపించదు. ఆ కొన్ని నిమిషాల్లో లోపలికి ఎవరు వెళ్లారో, బయటికి ఎవరు వచ్చారో లెక్కలో తప్పిపోవచ్చు. కెమెరాను దగ్గరకు లాగితే మనిషి స్పష్టంగా కనిపిస్తాడు గాని చుట్టూ ఏం జరుగుతోందో పోతుంది. వెనక్కి జరిపితే వీధంతా కనిపిస్తుంది, మనిషి చుక్క అవుతాడు. ఈ చిక్కు కోసమే అమెరికన్లు ఆర్గస్ అనే పరికరంలో 368 చిన్న కెమెరాలను ఒకటిగా కలిపి 180 కోట్ల పిక్సెళ్ల చిత్రం తీశారు. ఒక చిన్న పట్టణమంతా ఒకే చిత్రంలో పట్టింది. కాని అంత చిత్రాన్ని చూడడానికి ఎన్ని జతల కళ్లు కావాలన్న ప్రశ్న వెంటనే వచ్చింది. దాని సంగతి కింద ఐదో జవాబులో చెబుతాము.

ఇంకొక్క మాట. నెవాడాలో కదిపిన మీట సముద్రం అడుగు తీగల గుండా జర్మనీలోని రామ్‌స్టైన్ స్థావరానికి, అక్కడి నుంచి ఉపగ్రహానికి, ఉపగ్రహం నుంచి విమానానికి చేరి, దాని ఫలితం చిత్రంగా తిరిగి రావడానికి ఒకటి రెండు సెకన్లు పడుతుంది. గాలిలో తిరుగుతున్నప్పుడు అది పెద్ద ఆలస్యం కాదు, రన్‌వే తాకబోతున్నప్పుడు ప్రాణాంతకం. అందుకే టేకాఫ్, ల్యాండింగ్ కోసం ఆ విమానాశ్రయంలోనే ఉండి నేరుగా రేడియోతో నడిపే వేరే బృందాన్ని పెట్టేవారు. విమానం ఎత్తుకు చేరాక నెవాడా చేతికి మార్చేవారు. మన దేశం కొంటున్న ఎం.క్యూ.9బి అనే కొత్త రకం రీపర్‌లో దిగడం, ఎగరడం కూడా స్వయంచాలకమే.

ప్రశ్న: రాత్రి డ్యూటీలో ఖాళీ రోడ్డును ఆరేడు గంటలు చూస్తూ కూర్చుంటే నిద్ర రాదా? మా వారు ఒక ఫ్యాక్టరీలో సీసీ కెమెరాలు చూస్తారు, అందుకే అడుగుతున్నాను.
— ఒక గృహిణి, నల్గొండ

జవాబు: వస్తుందమ్మా, నిద్ర రాకముందే చూపు మొద్దుబారుతుంది. రెండో ప్రపంచ యుద్ధంలో జలాంతర్గాముల కోసం రాడార్ తెరలు చూసే బ్రిటిష్ వైమానిక సిబ్బంది, తెర మీద స్పష్టంగా కనిపించే గుర్తులను కూడా వదిలేస్తున్నారని గమనించి, నార్మన్ మాక్‌వర్త్ అనే శాస్త్రవేత్త ఒక పరీక్ష పెట్టాడు. గడియారం లాంటి తెల్లటి పలక మీద ముల్లు సెకనుకొక గెంతు గెంతుతుంది. ఎప్పుడో అరుదుగా ఒకేసారి రెండు గెంతులు వేస్తుంది. అది చూసిన వెంటనే మీట నొక్కాలి. పరీక్ష రెండు గంటలు. మొదటి అరగంట దాటేసరికే పట్టుకోలేకపోయిన గెంతులు గణనీయంగా పెరిగాయి. ఈ ఫలితాలు 1948లో వెలువడ్డాయి. తరువాత ఎన్నిసార్లు ఎన్ని రకాలుగా చూసినా మనిషి చూపు తీరు అదేనని తేలింది. ఇది బద్ధకం కాదు, శిక్షణతో పూర్తిగా పోయేదీ కాదు. మీ వారిని పై అధికారులు మందలిస్తే ఈ మాట చెప్పమనండి.

స్వయంచాలక డ్రోన్ ఈ కష్టాన్ని పెంచుతుంది. లిసాన్ బెయిన్‌బ్రిడ్జ్ అనే బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త 1983లో రాసిన వ్యాసంలో దీన్ని సూటిగా పట్టుకున్నారు: సులువైన పనులన్నీ యంత్రానికి ఇచ్చేసి, యంత్రం చేతులెత్తేసినప్పుడు మాత్రమే మనిషి కలగజేసుకోవాలంటే, రోజూ చేసి అలవాటు తప్పిన పనిని అత్యంత కష్టమైన క్షణంలో అతని చేత చేయిస్తున్నామన్నమాట. డ్రోన్ గదిలో దీనికి కనిపెట్టిన ఉపాయాలు మామూలువే. తెర చూసేవారిని గంటకో రెండు గంటలకో మార్చడం, ఒకే చిత్రాన్ని ఇద్దరు చూడడం, కదలిక కనిపిస్తే సాఫ్ట్‌వేర్ గంట కొట్టడం, కొన్ని ల్యాండింగ్‌లు కావాలనే చేత్తో చేయించడం లాంటివి. సిబ్బంది తక్కువైన చోట ముందు రద్దయ్యేవి కూడా ఇవే, ఎందుకంటే ఏమీ జరగని రాత్రుల్లో ఇవి వృథాగా కనిపిస్తాయి.

ప్రశ్న: ఉపగ్రహంతో లింకు తెగిపోతే సముద్రం మీద ఉన్న డ్రోన్ ఏమవుతుంది? అప్పుడు దాన్ని ఎవరు నడుపుతారు?
— ఒక పాఠకురాలు, విశాఖపట్నం

జవాబు: కాసేపు ఎవరూ నడపరు. అందుకే బయలుదేరే ముందే ఆ కాసేపు ఏం చేయాలో విమానానికి రాసి ఇస్తారు: ఇన్ని నిమిషాలు ఉన్నచోటే తిరుగు, లింకు రాకపోతే ఫలానా ఎత్తుకు వెళ్లు, ఫలానా దారిన ఫలానా చోటికి తిరిగి రా. స్వయంచాలకత నూటికి నూరు పాళ్లు అమలయ్యే ఘట్టం ఇదే, అది కూడా మనిషి ముందుగా రాసిన మాట ప్రకారమే నడుస్తుంది. ఆ దారి కొండల మీదుగా పోతోందా, వేరే విమానాల మార్గంలో పడుతోందా అన్నది షిఫ్టు మారినప్పుడల్లా, విమానం చోటు మారినప్పుడల్లా తిరిగి సరిచూడాలి. ఉదయం రాసిన దారి సాయంత్రానికి పనికిరాకపోవచ్చు.

అన్నీ రాసినట్టే జరగవు. 2009 సెప్టెంబరు 13న అఫ్గానిస్థాన్‌లో ఒక రీపర్ అదుపు తప్పి, ఆపరేటర్ల మాట వినకుండా దేశ సరిహద్దు వైపు సాగిపోయింది. చివరికి అమెరికా యుద్ధ విమానమే వెళ్లి దాన్ని కాల్చి పడగొట్టాల్సి వచ్చింది. మన దగ్గరి అనుభవం ఇంకోలా ఉంది. నౌకాదళం 2020లో లీజుకు తీసుకున్న రెండు సీ గార్డియన్ డ్రోన్లు తమిళనాడులోని అరక్కోణం దగ్గర ఉన్న ఐ.ఎన్.ఎస్. రాజాలి నుంచి బంగాళాఖాతం మీద నిఘా వేసేవి. 2024 సెప్టెంబరు 18న అందులో ఒకదానికి గాలిలోనే సాంకేతిక లోపం వచ్చింది. ఎగురుతూ ఉండగా ఆ లోపాన్ని సరిచేయడం సాధ్యం కాకపోవడంతో, పైలట్ దాన్ని జనావాసాలకు దూరంగా సముద్రం మీదికి నడిపించి, చెన్నై తీరానికి ఆవల అదుపులోనే నీళ్లలో దించేశాడు. కోట్ల విలువైన విమానాన్ని ఎక్కడ పోగొట్టుకోవాలో తేల్చుకోవడం కూడా ఆపరేటర్ పనే.

అదుపును ఒకరి చేతి నుంచి మరొకరి చేతికి మార్చడం కూడా ఇలాంటి సున్నితమైన ఘట్టమే. డీఆర్‌డీవో తయారు చేసిన తపస్ డ్రోన్‌ను 2023 జూన్ 16న కర్ణాటకలోని చళ్లకెరె నుంచి ఎగరేసి, కార్వార్ తీరానికి 148 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఐ.ఎన్.ఎస్. సుభద్ర అనే నౌకకు దాని అదుపును అప్పగించారు. మూడున్నర గంటల ఆ ప్రయాణంలో నౌకలోని సిబ్బంది 40 నిమిషాలు దాన్ని నడిపి, తిరిగి నేల మీది బృందానికి ఇచ్చేశారు. ఇలాంటి అప్పగింతల్లో ఇచ్చేవారు ఇచ్చామని, తీసుకునేవారు తీసుకున్నామని నోటితో చెప్పి తీరాలన్నది విమానయానంలో పాత నియమం. ఇద్దరూ ఎదుటివారే నడుపుతున్నారనుకునే కొద్ది సెకన్ల కోసమే ఆ నియమం.

ప్రశ్న: జాతరల్లో, ఊరేగింపుల్లో డ్రోన్ కెమెరాకు కృత్రిమ మేధ జోడించి అనుమానితులను గుర్తిస్తామంటున్నారు. యంత్రం గుర్తించిందంటే నమ్మవచ్చా? చివరి మాట మనిషిదే కదా, ఇక భయం దేనికి?
— ఒక అధ్యాపకుడు, కరీంనగర్

జవాబు: చివరి మాట మనిషిదే అన్న వాక్యం అధికారిక ప్రకటనలన్నిటిలోనూ కనిపిస్తుంది. ఆ మనిషి ముందుకు ఏది వస్తుంది, ఏ రూపంలో వస్తుంది, ఎంత సమయం ఇచ్చి వస్తుంది అన్నవి చూడకుండా ఆ వాక్యం మీద భరోసా పెట్టుకోలేము.

ముందు లెక్క. మేడారం లాంటి చోట ఒక డ్రోన్ పదివేల ముఖాలు చూసిందనుకుందాం. వారిలో పోలీసులు వెతుకుతున్నవారు పది మంది. సాఫ్ట్‌వేర్ నూటికి తొంభై తొమ్మిది సార్లు సరిగ్గా చెబుతుందనుకుందాం, అది చాలా ఉదారమైన లెక్క. పది మందినీ పట్టుకుంటుంది, దానితోపాటు ఏ పాపమూ ఎరుగని దాదాపు వంద మంది ముఖాల చుట్టూ కూడా ఎర్ర గీత గీస్తుంది. ఆపరేటర్‌కు వచ్చే పదకొండు హెచ్చరికల్లో పది తప్పుడువన్నమాట. మధ్యాహ్నానికి అతను రెండు దారుల్లో ఒకటి పడతాడు: గంట మోగినా తల తిప్పడు, లేదా యంత్రం చెప్పింది కదా అని ప్రతిదానికీ సరే నొక్కుతాడు. రెండింటిలోనూ చివరి మాట అతనిదే!

యంత్రాన్ని ఈ పనిలోకి తేవడానికి కారణం ఉంది. డ్రోన్లు పంపే వీడియో మనుషులు చూడగలిగినదానికి ఎన్నో రెట్లు పెరిగిపోవడంతో 2017 ఏప్రిల్‌లో అమెరికా రక్షణ శాఖ ప్రాజెక్ట్ మేవెన్ మొదలుపెట్టింది. వీడియోలో ఇది వాహనం, ఇది మనిషి, ఇది భవనం అని సాఫ్ట్‌వేర్ చేత గుర్తులు పెట్టించడం దాని తొలి లక్ష్యం. అందులో పాలుపంచుకున్న గూగుల్‌లో వేలాది ఉద్యోగులు నిరసన తెలపడంతో 2018లో ఆ సంస్థ ఒప్పందాన్ని కొనసాగించబోమని ప్రకటించింది. కార్యక్రమం మాత్రం సాగుతూనే ఉంది. సాఫ్ట్‌వేర్ చెప్పగలిగేది వాహనమని. అది పెళ్లివారి వాహనమా, శత్రువు వాహనమా అన్నది చిత్రంలో ఉండదు, చూసేవారి తలలో ఉంటుంది. ఆ తలల్లో ఏం జరుగుతుందో చూపే, కృత్రిమ మేధ ప్రమేయం లేని రెండు సంఘటనలు చెబుతాము.

2010 ఫిబ్రవరి 21 తెల్లవారుజామున అఫ్గానిస్థాన్‌లోని ఉరుజ్‌గాన్ ప్రాంతంలో మూడు వాహనాలు ఒకదాని వెనుక ఒకటి వెళుతున్నాయి. దగ్గర్లో అమెరికా సైనిక బృందం ఒకటి ఉంది. నెవాడాలోని ప్రిడేటర్ సిబ్బంది మూడు గంటలకు పైగా ఆ వాహనాలను వెంబడించారు. వారి సంభాషణ రికార్డు తరువాత బయటపడింది. దారిలో ఆగి ప్రయాణికులు నమాజు చేస్తే, అది కూడా వారు ఉగ్రవాదులనడానికి ఆధారంగా తీసుకున్నారు. ఫ్లోరిడాలో అదే వీడియో చూస్తున్న విశ్లేషకులు పిల్లలు కనిపిస్తున్నారని చాట్‌లో రాస్తే, పిల్లలనడానికి అంత తొందర ఎందుకు, తుపాకీ అనడానికి మాత్రం ఆ తొందర ఉండదేమని సిబ్బంది విసుక్కున్నారు. చిన్న పిల్లలన్న మాట నేల మీది కమాండర్‌కు చేరేసరికి కౌమార వయసువారైంది. హెలికాప్టర్లు కాల్పులు జరిపాయి. 23 మంది వరకు సాధారణ పౌరులు చనిపోయారని, ప్రిడేటర్ సిబ్బంది ఇచ్చిన సమాచారం సరైనది కాదని, వృత్తి ధర్మానికి తగినది కాదని మేజర్ జనరల్ టిమోతీ మెక్‌హేల్ దర్యాప్తు తేల్చింది. విమానం చక్కగా ఎగిరింది, కెమెరా చక్కగా పనిచేసింది, లింకు తెగలేదు. దారి తప్పింది ఒక గదిలోని మాట మరో గదికి వెళ్లేటప్పుడు.

రెండోది 2021 ఆగస్టు 29న కాబూల్‌లో. అంతకు మూడు రోజుల ముందు విమానాశ్రయం దగ్గర బాంబు పేలింది, మరో దాడి రాబోతోందన్న సమాచారం ఉంది, తెల్లటి టయోటా కారు కోసం వెతుకుతున్నారు. అలాంటి కారును డ్రోన్లు దాదాపు ఎనిమిది గంటలు వెంబడించాయి. అది సహాయ సంస్థలో పనిచేసే ఉద్యోగి కారు. అతను ఎక్కడ ఆగినా, కారులోకి ఏం ఎక్కించినా, ముందే ఏర్పడిన అనుమానానికి అది మరో ముడి అయింది. ఇంటి వాకిట్లో కారు మీద క్షిపణి పడి ఏడుగురు పిల్లలతో సహా పది మంది మరణించారు. దర్యాప్తు చేసిన లెఫ్టినెంట్ జనరల్ సమీ సైద్, ముందే ఒక నమ్మకానికి వచ్చి దానికి సరిపడేవే చూడడం ఇందుకు ముఖ్య కారణాల్లో ఒకటన్నారు. క్షిపణి వదలడానికి రెండు నిమిషాల ముందు వీడియోలో ఒక పిల్లవాడు కనిపిస్తున్నాడని, అయితే పిల్లలున్నారేమో అని వెతికేవారికే అది కనిపిస్తుందని కూడా చెప్పారు. అందరూ ఒప్పుకుంటున్న మాటకు ఎదురు చెప్పడమే పనిగా ఒకరిని గదిలో ఉంచాలన్నది ఆయన సూచనల సారాంశం.

మీ ప్రశ్నకు మా జవాబు దీనిలోంచే వస్తుంది. యంత్రం గుర్తించిందన్న మాటను పోలీసు స్టేషన్‌కు వచ్చిన ఆకాశరామన్న ఉత్తరంలా చూడాలి: విచారణ మొదలుపెట్టడానికి చాలు, ఎవరినైనా పట్టుకోవడానికి చాలదు. జాతరలో నిఘా పెట్టే అధికారులను అడగవలసినవి కూడా కొన్ని ఉన్నాయి. రోజుకు ఎన్ని హెచ్చరికలు వచ్చాయి, అందులో ఎన్ని తప్పని తేలాయి, ఆపరేటర్ ఎన్నింటిని తిరస్కరించాడు? తిరస్కరణ ఒక్కటి కూడా లేకపోతే అక్కడ మనిషి లేనట్టే. వీడియో ఎన్ని రోజులు దాస్తారు, ఎవరు చూడవచ్చు అన్నదీ అడగాలి. కాలిఫోర్నియాలోని చూలా విస్టా పోలీసులు డ్రోన్ వీడియోలన్నీ దర్యాప్తు పత్రాలే కాబట్టి ఏదీ ఇవ్వబోమంటే, అన్నింటినీ ఒకే గాటన కట్టడం కుదరదని అక్కడి అప్పీలు కోర్టు 2023 డిసెంబరులో తీర్పు చెప్పింది.

ప్రశ్న: విజయవాడలో వేల డ్రోన్లు ఒకేసారి ఎగరడం చూశాము. అంటే ఒక్క ఆపరేటర్ వంద నిఘా డ్రోన్లు నడపగలడా?
— ఒక వ్యాపారి, గుంటూరు

జవాబు: 2024 అక్టోబరు 22న పున్నమి ఘాట్ దగ్గర ఎగిరిన 5,500 డ్రోన్లకు దారి ముందే రాసి ఉంది, వాటిలో ఏదీ దేన్నీ చూడడం లేదు, ఆపరేటర్‌ను ఏమీ అడగడం లేదు. నిఘా డ్రోన్ అడుగుతూనే ఉంటుంది. ఒక డ్రోన్‌ను ఎంతసేపు వదిలేయవచ్చు, వదిలేశాక మళ్లీ దాని దగ్గరకు వస్తే ఎంతసేపు పడుతుంది అన్నదే ఇక్కడి లెక్క. ఎనిమిది నిమిషాలు వదిలేయగలిగి, వచ్చినప్పుడు రెండు నిమిషాలు చూస్తే సరిపోయేట్టయితే ఒక మనిషికి ఐదు డ్రోన్లు. పైప్‌లైన్ గస్తీ, పంట పొలాల చిత్రాలు ఇలాంటి పనికి సరిపోతాయి. పరుగెడుతున్న మనిషిని వెంబడించేటప్పుడు వదిలేయగల సమయం సున్నా కాబట్టి ఒకరికి ఒక్కటే. చూలా విస్టాలో 2018లో అత్యవసర ఫోన్లకు డ్రోన్లు పంపడం మొదలుపెట్టినప్పుడు ఒక్క డ్రోన్‌కే ఇద్దరిని పెట్టారు: కార్యాలయంలో తెర ముందు ఒకరు, మేడ మీద నిలబడి ఆకాశం చూసేవారు ఒకరు. కాలక్రమంలో నిబంధనలు సడలినా, రెండు డ్రోన్లూ ఒకే నిమిషంలో అడిగితే దేనికి జవాబు చెప్పాలన్న చిక్కు మాత్రం సడలదు.

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ మానేసి డ్రోన్ పైలట్ కోర్సులో చేరతానంటున్నాడు. ఇందులో భవిష్యత్తు ఉందా? ఈ ఉద్యోగాల వల్ల మానసిక ఒత్తిడి ఉంటుందని విన్నాను.
— ఒక తల్లి, వరంగల్

జవాబు: డిగ్రీ మానవలసిన పని లేదమ్మా. 2021 నాటి డ్రోన్ నిబంధనల ప్రకారం రిమోట్ పైలట్ ధ్రువపత్రానికి 18 నుంచి 65 ఏళ్ల మధ్య వయసు, పదో తరగతి ఉత్తీర్ణత, పౌర విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ అనుమతి ఉన్న సంస్థలో శిక్షణ ఉంటే చాలు. పత్రం పదేళ్లు చెల్లుతుంది. 250 గ్రాముల లోపు నానో డ్రోన్లకు అదీ అక్కర్లేదు. శిక్షణ తక్కువ రోజుల్లోనే అయిపోతుంది, సెలవుల్లో చేయవచ్చు. బేగంపేటలోని తెలంగాణ ప్రభుత్వ విమానయాన అకాడమీ కూడా ఈ శిక్షణ ఇస్తుంది. చేరే ముందు ఆ సంస్థకు అనుమతి ఉందో లేదో డీజీసీఏ వెబ్‌సైట్‌లో చూసుకోండి. ఈ పత్రంతో వచ్చేది పొలాల్లో మందు చల్లడం, సర్వేలు, వేడుకల చిత్రీకరణ వంటి పని. సైనిక నిఘా డ్రోన్లు ఈ నిబంధనల పరిధిలో లేవు, వాటికి త్రివిధ దళాల్లో చేరాల్సిందే.

దళాల్లోకి వెళ్లాలన్నా, హైదరాబాద్‌లో దృష్టి 10 అనే నిఘా డ్రోన్ తయారైన చోటులాంటి పరిశ్రమల్లోకి వెళ్లాలన్నా డిగ్రీ చదువు పనికొస్తుంది. పైన చెప్పినట్టు ఎగరేయడం రోజురోజుకూ యంత్రం పని అవుతోంది. చిత్రాన్ని చదవగలిగినవారికి, పటాలు తెలిసినవారికి, చూసినదాన్ని నాలుగు ముక్కల్లో తప్పు లేకుండా రాయగలిగినవారికి గిరాకీ పెరుగుతోంది. భూగోళం, గణాంకాలు, కంప్యూటర్ దృష్టికి సంబంధించిన కోర్సులు ఏవి అందుబాటులో ఉన్నా తీసుకోమనండి.

ఒత్తిడి సంగతి: అమెరికా సైనిక ఆరోగ్య విభాగం 2013లో ప్రచురించిన అధ్యయనంలో డ్రోన్ పైలట్లకూ విమానంలో కూర్చుని నడిపే పైలట్లకూ మానసిక సమస్యల రేటు దాదాపు ఒకేలా తేలింది. నెవాడాలో షిఫ్టు దిగినవారు గంటలో ఇంట్లో ఉంటారు; ఆయుధాలున్న డ్రోన్ల సిబ్బందికి ఆ ఒక్క గంటలో యుద్ధం నుంచి వంటింటికి రావడమే పెద్ద బరువని వారే చెప్పుకున్నారు. పొలాల మీద, కాలువల మీద డ్రోన్ ఎగరేసేవారికి ఆ బరువు ఉండదు. వారికి ఎండ, బ్యాటరీలు, సరైన సమయానికి అందని బిల్లులు, ఇవే బాధలు.